భుజాన సంచి, చేతిలో పాస్‌పోర్టు: కోనసీమ నుంచి శ్రీలంకకు ఒంటరిగా, తక్కువ ఖర్చుతో ఎలా వెళ్లి రావాలి

మన వైపు ఎవరైనా పాస్‌పోర్టు తీస్తున్నారంటే వీధిలో వచ్చే మొదటి ప్రశ్న "కువైటా, ఖతారా?" అనే. పనికి కాదండీ, ఊరికే చూసొద్దామని, అదీ ఒక్కణ్ణే అంటే అడిగినవాళ్ల మొహంలో జాలి కనిపిస్తుంది. అమ్మకు టెన్షన్, నాన్నకు కోపం, మావయ్యకు అనుమానం. వాళ్లకు మీరే సర్దిచెప్పుకోండి. మిగిలినదంతా ఇక్కడ చెబుతాను.

మొదటి విదేశీ ప్రయాణానికి శ్రీలంక ఎందుకంటే, చెన్నై నుంచి విమానం గంటంపావులో దిగుతుంది. గడియారం మార్చక్కర్లేదు, అక్కడ కూడా మన టైమే. అన్నం, పప్పు, కొబ్బరి దొరుకుతాయి. పది పదకొండు రోజులు తిరిగినా విమానంతో కలిపి నలభై నుంచి యాభై వేల రూపాయల్లో బయటపడొచ్చు. అంతకంటే తక్కువలోనూ చేసేవాళ్లున్నారు గానీ, ప్రతి పూటా బన్ను తిని బతకడానికి అంత దూరం వెళ్లడం ఎందుకు?

ఒక్క విషయం ముందే గట్టిగా చెబుతున్నాను. మ్యాపులో ఆ దేశం మన ఆంధ్రప్రదేశ్‌లో సగం కూడా ఉండదు. అది చూసి "నాలుగు రోజుల్లో చుట్టేద్దాం" అనిపిస్తుంది. అక్కడి రోడ్లు, కొండ మలుపులు, ప్రతి సందు దగ్గరా ఆగే బస్సులు కలిసి ఆ లెక్కను తలకిందులు చేస్తాయి. గంటకు పాతిక ముప్పై కిలోమీటర్లు సాగితే గొప్ప. తక్కువ ఖర్చుతో తిరగాలనుకునేవాళ్లు దీవిలో సగమే ఎంచుకోవాలి, ఆ సగమే నిదానంగా చూడాలి. తొందరపడేవాళ్లే కార్లు మాట్లాడుకుని డబ్బు పోగొట్టుకుంటారు.

ముందు కాగితాలు

పాస్‌పోర్టు లేకపోతే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి స్లాట్ తీసుకోండి. మనకు భీమవరంలో సేవా కేంద్రం ఉంది. మామూలు 36 పేజీల పాస్‌పోర్టుకు ఫీజు 1,500 రూపాయలు. పోలీసు వెరిఫికేషన్‌కు వచ్చినప్పుడు ఇంట్లో ఉండండి, ఎక్కువ మందికి ఆలస్యమయ్యేది అక్కడే. పాత పాస్‌పోర్టు ఉంటే ప్రయాణం తేదీ నుంచి ఆరు నెలల గడువు మిగిలి ఉందో లేదో చూసుకోండి.

పదో తరగతి పాసవ్వని వాళ్ల పాస్‌పోర్టులు మన దగ్గర చాలావరకు ఈసీఆర్ కిందకు వస్తాయి, అంటే కొన్ని దేశాలకు పనికి వెళ్లేముందు ప్రభుత్వ క్లియరెన్సు తీసుకోవాల్సినవి. "ఈసీఆర్ ఉంటే టూరు కూడా వెళ్లనివ్వరు" అనే మాట మన ఊళ్లలో బాగా తిరుగుతోంది. అది నిజం కాదు. ఆ క్లియరెన్సు కొన్ని దేశాలకు పనికి వెళ్లేవాళ్ల కోసం పెట్టింది, ఆ దేశాల జాబితాలో శ్రీలంక లేదు. అయితే చెన్నై ఇమిగ్రేషన్‌లో మొదటిసారి వెళ్లే కుర్రాళ్లను నాలుగు ప్రశ్నలు ఎక్కువే అడుగుతారు. తిరుగు టికెట్టు, మొదటి రెండు రాత్రుల గది బుకింగు, చేతిలో ఉన్న డబ్బు చూపిస్తే చాలు. తడబడకుండా "టూరిస్టుగా వెళ్తున్నానండి" అనండి. "శ్రీలంక దాకా విజిట్ మీద రా, అక్కడి నుంచి ఉద్యోగానికి పంపిస్తా" అనే ఏజెంటు ఎవరైనా తగిలితే ఫోన్ పెట్టేయండి.

శ్రీలంకకు ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి ఉంటుంది. ప్రభుత్వ సైటులోనే తీసుకోండి. వెతగ్గానే పైన కనిపించే సైట్లు చాలావరకు మధ్యవర్తులవి, అవి రెండింతలు గుంజుతాయి. భారతీయుల ఫీజు విషయంలో ఈమధ్య మాటిమాటికీ మార్పులు వస్తున్నాయి కాబట్టి దరఖాస్తు చేసే రోజు ప్రభుత్వ సైటులో ఎంత ఉంటే అంతే లెక్క. అనుమతి కాగితం ప్రింటు తీసి ఒక కాపీ సంచిలో, ఒక కాపీ ఇంట్లో ఉంచండి.

ఏ నెలలో ఏ వైపు

అక్కడ వానాకాలాలు రెండు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు కొలంబో, గాల్, పడమటి కొండలను తడుపుతాయి. అక్టోబరు, నవంబరు నుంచి జనవరి దాకా ఈశాన్య రుతుపవనాలు జాఫ్నా, ట్రింకోమలి వైపు కురుస్తాయి. మనకు సార్వా, దాళ్వా ఉన్నట్టే వాళ్లకూ మహా, యల అని రెండు వరి పంటలున్నాయి. ఏ పంట ఎక్కడ ఏ నీటితో పండుతుందో తెలిస్తే మీరు ఎటు వెళ్లాలో కూడా తెలిసిపోతుంది.

సంక్రాంతి వెళ్లాక, జనవరి చివరి నుంచి మార్చి దాకా వెళ్తే దక్షిణం, పడమర, కొండలు. వేసవి సెలవుల నుంచి సెప్టెంబరు లోపు వెళ్తే ట్రింకోమలి, జాఫ్నా, తూర్పు తీరం. రెండూ ఒకే ప్రయాణంలో ఇరికించకండి. మొదటిసారికి నా ఓటు జనవరి-మార్చికే. కింద చెప్పే దారి కూడా దానిదే.

2025 నవంబరు చివర్లో వచ్చిన దిత్వా తుఫాను ఆ దేశాన్ని, ముఖ్యంగా కొండ జిల్లాలను దారుణంగా దెబ్బతీసింది. కొండచరియలు విరిగిపడి ఊళ్లు పోయాయి, రైలు కట్టలు కొట్టుకుపోయాయి. 1996 నవంబరు తుఫాను చూసిన కోనసీమకు ఆ తర్వాతి నెలలు ఎలా ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు. బయలుదేరే వారంలో ఏ రైలు ఎక్కడిదాకా నడుస్తోందో కనుక్కోండి. మీరు దిగే గెస్ట్‌హౌస్ వాళ్లకు ఒక మెసేజ్ పెడితే సరైన సమాధానం వస్తుంది.

ఇక్కడే ఒక రిహార్సల్

ఈ పని ఎవరూ చేయరు, చేస్తే సగం భయం పోతుంది. ప్రయాణానికి నెల ముందు, అక్కడికి తీసుకెళ్లే సంచినే నింపుకుని, రెండు రోజులు డెల్టాలో ఒక్కరే తిరగండి. వరద లేని రోజుల్లో నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి దిగండి. అంతర్వేది చూసుకుని రాజోలు మీదుగా అమలాపురం చేరి, తెలిసినవాళ్ల ఇల్లున్నా సరే లాడ్జిలోనే పడుకోండి. మర్నాడు ముమ్మిడివరం, ఎదుర్లంక వంతెన, యానాం, తాళ్ళరేవు దగ్గర కోరంగి మడ అడవులు, చివరికి కాకినాడ. అంతా పల్లెవెలుగు బస్సుల్లోనే. ఆడవాళ్లకైతే ఇప్పుడు ఆ బస్సుల్లో టికెట్టు ఖర్చు కూడా ఉండదు.

కిక్కిరిసిన బస్సులో ఆ సంచి ఎక్కడ పెట్టాలి, అది మోస్తూ ఎంతసేపు నడవగలరు, రోజంతా ఎవరూ తెలియని చోట ఒక్కరే భోంచేయడం ఎలా ఉంటుంది అనేవి ఆ రెండు రోజుల్లో తేలిపోతాయి. ఇంటికి రాగానే సంచిలో ముట్టుకోని సామానంతా తీసి పక్కన పెట్టండి. అక్కడ కూడా ముట్టుకోరు.

సంచిలో ఏముండాలి

బరువు ఏడు కిలోలు దాటకూడదు. దాటితే విమానంలో డబ్బు కట్టాలి, దిగాక నడుం కట్టాలి. తొందరగా ఆరే బట్టలు మూడు జతలు. మందపాటి టర్కీ టవలు వద్దు, మన పలచటి తువ్వాలు చాలు, అది అరగంటలో ఆరిపోతుంది. లుంగీ ఒకటి పెట్టుకోండి: దుప్పటిగా, తెరగా, గుళ్లోకి వెళ్లేటప్పుడు మోకాళ్లు కప్పుకోవడానికి పనికొస్తుంది. భుజాలు కప్పే తెల్ల చొక్కా ఒకటి ఉంటే బౌద్ధాలయాల్లో మర్యాదగా ఉంటుంది.

మనవాళ్లు తప్పకుండా మర్చిపోయేది స్వెట్టరు. "ఉక్కపోత దేశం కదా" అనుకుంటారు. నువారా ఎలియా 1,800 మీటర్ల పైన ఉంది, జనవరి రాత్రుల్లో పళ్లు టకటకలాడతాయి. సన్నటి వానకోటు, దోమల క్రీము, ఓఆర్‌ఎస్ పొట్లాలు కూడా ఉండాలి. మలేరియా లేని దేశంగా 2016లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది గానీ డెంగీ మాత్రం ఉంది. చాలాచోట్ల ప్లగ్గులు చదరపు పిన్నులు మూడు ఉండేవి, ఒక అడాప్టరు కొనుక్కోండి.

ఆతిథ్యం ఇచ్చే ఇంటివాళ్ల కోసం ఇక్కడి మిఠాయి ఏదైనా పట్టుకెళ్లాలనిపిస్తుంది. ఆత్రేయపురం పూతరేకులు వద్దు, చెన్నై చేరేసరికే పొడి అయిపోతాయి. తాపేశ్వరం కాజా గట్టిగా ప్యాక్ చేయించుకుని తీసుకెళ్లండి. ఆవకాయ సీసా గురించి అడగొద్దు.

డబ్బు

మన రూపాయికి అక్కడ దాదాపు మూడున్నర రూపాయలు వస్తాయి. ధరల్లో సున్నాలు చూసి మొదటి రోజు కంగారు పడతారు, తర్వాత అలవాటైపోతుంది. భారతీయ నోట్లు 25,000 రూపాయల వరకు తీసుకెళ్లవచ్చు. కొన్ని డాలర్లు, ఒక ఏటీఎం కార్డు కూడా ఉంచుకోండి. ఆ కార్డుకు విదేశీ లావాదేవీలు ఆన్ చేయడం ఇక్కడే పూర్తిచేయాలి, ఎందుకంటే దానికి వచ్చే ఓటీపీ మీ ఇక్కడి సిమ్‌కే వస్తుంది. 2024 ఫిబ్రవరి నుంచి అక్కడ మన యూపీఐతో క్యూఆర్ చెల్లింపులు మొదలయ్యాయి. పెద్ద దుకాణాల్లో పనికొస్తుంది. బస్సు కండక్టరుకు, బొండాలవాడికి నోట్లే కావాలి.

ఖర్చు అంచనా వాళ్ల రూపాయల్లో చెబుతున్నాను. హాస్టల్‌లో మంచం రెండు నుంచి నాలుగు వేలు, ఇంట్లో గది నాలుగు నుంచి ఏడు వేలు, అన్నం పొట్లం నాలుగైదు వందలు, మామూలు బస్సులో మూడు గంటల ప్రయాణానికి కొన్ని వందలు. అన్నీ కలిపి రోజుకు ఏడెనిమిది వేలు అనుకోండి, మన డబ్బులో రెండు వేల పైచిలుకు. దీనికి చూడదగ్గ చోట్ల ప్రవేశ రుసుములు కలుస్తాయి. జేబుకు చిల్లు పడేది వాటితోనే. చాలాచోట్ల సార్క్ దేశాల వాళ్లకు, అంటే మనలాంటి దక్షిణాసియా దేశాల వాళ్లకు, తగ్గింపు ఉంటుంది. కౌంటరులో అడగందే ఇవ్వరు, పాస్‌పోర్టు చూపించాలి.

చెన్నై దాకా, అక్కడి నుంచి

కాకినాడ, సామర్లకోట, రాజమండ్రి వాళ్లకు సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఉంది. ఎగ్మూరులో దిగి, తాంబరం వైపు లోకల్ రైలు ఎక్కితే తిరుశూలం స్టేషన్ విమానాశ్రయానికి ఎదురుగానే ఉంటుంది. ఆటోవాడితో బేరం అక్కర్లేదు. విమానం టికెట్టు రెండు నెలల ముందు తీసుకుంటే రానూపోనూ పది పదిహేను వేల మధ్య దొరుకుతుంటుంది. రైలు వచ్చే రోజే విమానం పెట్టుకుంటే సాయంత్రానిదే పెట్టుకోండి, రైలు ఆలస్యం మన చేతిలో ఉండదు. సముద్రం మీద వెళ్లాలని సరదా ఉంటే నాగపట్నం నుంచి జాఫ్నా పక్కన కాంకేశన్‌తురైకి పాసింజరు ఓడ ఉంది. వాతావరణాన్ని బట్టి ఆగిపోతూ ఉంటుంది, జాఫ్నా, తూర్పు తీరం వైపు వెళ్లేవాళ్లకే అది దారి.

నేను చెప్పే దారి

విమానాశ్రయం కొలంబోలో లేదు, కటునాయకలో ఉంది. దానికి దగ్గరి ఊరు నెగొంబో. మొదటి రాత్రి కొలంబో వెళ్లకుండా నెగొంబోలోనే పడుకోండి. దిగగానే హాల్లోనే బ్యాంకు కౌంటర్లలో కొంత డబ్బు మార్చుకుని, అక్కడే సిమ్ తీసుకోండి. ఆటోను వాళ్లు త్రీవీలర్ అంటారు. పిక్‌మీ యాప్ పెట్టుకుంటే ధర ముందే తెలుస్తుంది. నెగొంబో చేపల రేవు పొద్దున్నే చూడండి, ఉప్పాడ, అంతర్వేది వాళ్లకు కొత్తేమీ కాకపోయినా ఎండుచేపలు ఆరబెట్టే ఆ మైదానం పరిమాణం ఆశ్చర్యపరుస్తుంది.

అక్కడి నుంచి కురునేగలలో బస్సు మారి దంబుల్ల, సిగిరియ. రెండు మూడు రాత్రులు ఇక్కడే. సిగిరియ బండ మీద ఐదో శతాబ్దంలో కశ్యపుడు కోట కట్టుకున్నాడు. అతని తండ్రి ధాతుసేనుడు పెద్ద చెరువులు తవ్వించిన రాజు. నిధి ఎక్కడుందో చూపించమని కొడుకు నిర్బంధిస్తే, కాలవెవ చెరువు దగ్గరికి తీసుకెళ్లి, నీళ్లు చేతిలోకి తీసుకుని "నా దగ్గరున్న సొత్తంతా ఇదే" అన్నాడని వాళ్ల చరిత్ర గ్రంథం చెబుతుంది. కొడుకు చంపించేశాడు. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లతో బతికే మనకు ఆ ముసలిరాజు మాట వెంటనే అర్థమవుతుంది, కొడుక్కు అర్థం కాలేదు.

సిగిరియ ఎక్కాలంటే గేటు తెరిచే వేళకే ఉండండి, తొమ్మిది దాటితే ఎండ, జనం. టికెట్టు ఖరీదు ఎక్కువ. డబ్బు బిగిసి ఉంటే పక్కనే పిదురంగల బండ ఉంది, చిన్న రుసుముతో ఎక్కొచ్చు, పైనుంచి సిగిరియ మొత్తం కనిపిస్తుంది. చివర్లో రాళ్ల మధ్య చేతులతో పాకాల్సి వస్తుంది, చెప్పులతో వెళ్లొద్దు. రెండిట్లో ఒకటే అంటే నేను పిదురంగలే అంటాను. మరో రోజు పొలొన్నరువ వెళ్లి సైకిలు అద్దెకు తీసుకోండి. పన్నెండో శతాబ్దపు పరాక్రమబాహు తవ్వించిన పరాక్రమ సముద్రం గట్టు మీద సైకిలు తొక్కడానికి టికెట్టు లేదు.

తర్వాత క్యాండీ. దంబుల్ల నుంచి బస్సులో రెండున్నర గంటలు. బుద్ధుడి దంతాన్ని ఉంచిన దళద మాలిగావ ఇక్కడే, సాయంత్రం పూజ వేళకు వెళ్లండి. గుడి పక్కనున్న చెరువును 1807లో తవ్వించింది శ్రీ విక్రమ రాజసింహుడు, క్యాండీ చివరి రాజు. 1739 నుంచి ఆ సింహాసనం మీద కూర్చున్నది నాయక వంశీకులు, మధుర నాయకులతో బంధుత్వం ఉన్న తెలుగు మూలాల వాళ్లు. 1815లో బ్రిటిష్ వాళ్లు అతన్ని పట్టుకుని వేలూరు కోటకు పంపారు, 1832లో అక్కడే చనిపోయాడు. ఆ చెరువు చుట్టూ ఒక నడక నడిచాక ఊరు కాస్త మనదనిపిస్తుంది. ఆ దేశంలో ఈనాటికీ ఇంట్లో ఒక రకం తెలుగు మాట్లాడే అహికుంటక అనే సమాజం కూడా ఉంది. పాములాడించి, జ్యోతిషం చెప్పి బతికినవాళ్లు. దారిలో కలిస్తే పలకరించండి గానీ, ఫోటోల కోసం వాళ్ల ఊళ్లు వెతుక్కుంటూ పోకండి.

క్యాండీ నుంచి ఎల్ల దాకా కొండ రైలు అందరూ చెప్పేదే. రైలు నడుస్తుంటే రిజర్వేషన్ దొరకలేదని బాధపడొద్దు. ఆ రోజు కౌంటరులో ఇచ్చే మామూలు టికెట్టు చాలా చవక, కిటికీలు తెరిచి ఉంటాయి, స్థలం కోసం కొంత తోపులాట తప్పదు. తలుపు దగ్గర వేలాడుతూ ఫోటోలు తీసుకుని కిందపడ్డవాళ్లున్నారు, ఆ సరదా వద్దు. రైలు లేకపోతే బస్సులో నువారా ఎలియా వెళ్లి, అక్కడి నుంచి వెలిమడ, బండారవెల మీదుగా ఎల్ల చేరండి. ఈ దారిలోనే సీత ఎలియలో సీతమ్మవారి గుడి వస్తుంది. రామాయణం టూరు అని ప్యాకేజీలు అమ్మేవాళ్లు వేలకు వేలు తీసుకుని చూపించే చోటు, బస్సు టికెట్టు ధరకే దిగి చూసుకోవచ్చు.

ఎల్లలో తొమ్మిది తోరణాల వంతెన, చిన్న ఆడమ్స్ పీక్ నడక రెండూ ఉచితం. తేయాకు తోటల్లో నడిచేటప్పుడు తడి గడ్డిలో జలగలు ఉంటాయి, ఉప్పు పొట్లం జేబులో ఉంచుకోండి.

ఎల్ల నుంచి వెల్లవాయ మీదుగా దక్షిణ తీరానికి దిగండి: మిరిస్స లేదా వెలిగమ, ఏదో ఒకటి. సముద్రం పక్కనే పుట్టినవాళ్లకు ఒక బీచి చాలు. ఎర్ర జెండా ఉన్నచోట ఈతకు దిగొద్దు, గోదావరిలో ఈత వచ్చినంత మాత్రాన ఆ లాగుడు ముందు పనికిరాదు. తర్వాత గాల్. పోర్చుగీసు వాళ్ల నుంచి 1640లో డచ్చివాళ్లు లాక్కున్న కోట, లోపల ఊరు ఇంకా బతికే ఉంది. అదే డచ్చివాళ్లు మన పాలకొల్లులోనూ వర్తకం చేశారు, మనకు మాత్రం ఇలాంటి కోట మిగల్లేదు. కోట గోడ మీద నడకకు రుసుము లేదు.

గాల్ నుంచి కొలంబో రైలు సముద్రాన్ని ఒరుసుకుంటూ పోతుంది. వెళ్లేటప్పుడు ఎడమ వైపు కూర్చోండి. హిక్కడువ దగ్గర పెరాలియలో 2004 డిసెంబరు 26 సునామీకి ఒక రైలు మొత్తం కొట్టుకుపోయింది. వెయ్యి మందికి పైగా పోయారు. పక్కన స్మారకం ఉంది.

బస్సుల సంగతి

ఎర్ర బస్సులు ప్రభుత్వానివి, మిగతావి ప్రైవేటు. ప్రైవేటు బస్సుల వేగం చూస్తే మన రావులపాలెం డ్రైవర్లు సాధువుల్లా కనిపిస్తారు. నంబరు చూసి ఎక్కండి: కొలంబో-క్యాండీ 1, కొలంబో-గాల్-మాతర 2, విమానాశ్రయం-కొలంబో 187. ముందు సీట్లు భిక్షువులకు, ఖాళీగా ఉన్నా కూర్చోవద్దు. సంచి డ్రైవరు పక్కన పెట్టమంటారు, డబ్బు, పాస్‌పోర్టు మాత్రం ఒంటిమీదే ఉండాలి. బస్టాండులో "ఈరోజు బస్సు లేదు సార్" అని చెప్పేవాడు ఎప్పుడూ త్రీవీలర్ డ్రైవరే. అవతల నిలబడ్డ ముసలమ్మను అడగండి.

తిండి

బోర్డు మీద హోటల్ అని ఉంటే అది మన దగ్గరలాగే భోజనం దొరికే చోటు, గదులుండవు. మధ్యాహ్నం అన్నం, నాలుగు కూరలు, పప్పు, పప్పడం. చిన్న హోటళ్లలో కూరలు మళ్లీ వడ్డిస్తారు. దాన్నే పొట్లం కట్టించుకుంటే ఇంకా చవక. రాత్రి అన్నం దొరకడం కష్టం, అప్పుడు కొత్తు రొట్టె: పెనం మీద రొట్టెను, కూరలను రెండు రేకులతో టకటకా నరికి కలుపుతారు, వీధి చివరికి వినిపిస్తుంది. సాయంత్రం వేడి వేడి ఆప్పాలు, గుడ్డుతో లేదా ఉత్తవి. గేదె పెరుగు మట్టి కుండలో, పైన కితుల్ చెట్టు పాకం పోసి ఇస్తారు. ఇది వదలొద్దు.

శాకాహారులకు ఒక హెచ్చరిక. కొబ్బరి పచ్చడిలా కనిపించే పొల్ సంబోల్‌లో ఎండుచేప పొడి కలుపుతారు. ఆకుకూరలో కూడా ఒక్కోసారి. తమిళుల సైవ హోటళ్లు అయితే ఆ బెంగ లేదు. మామూలు చోట్ల "మస్ ఎపా, మాళు ఎపా" అనండి, మాంసం వద్దు, చేప వద్దు అని. ధర అడగడానికి "కీయద", కృతజ్ఞతకు "స్తూతి". అక్కా, అమ్మా అని పిలిస్తే అలాగే పలుకుతారు. మన "ఆయ్" మాత్రం వాళ్లకు అర్థం కాదు.

నారింజ రంగు బొండాం తంబిలి. రోజుకొకటి తాగండి. మన బొండాంతో పోల్చి తీర్పు చెప్పడం అక్కడ మొదలుపెట్టకండి, వాళ్లకూ కొబ్బరి విషయంలో పట్టుదల ఎక్కువే.

గుళ్లో, బయట

చెప్పులు, టోపీ తీసేయాలి. బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకోవడం అక్కడ పెద్ద తప్పు. ఒంటి మీద బుద్ధుడి పచ్చబొట్టు ఉన్న విదేశీయురాలిని 2014లో దేశం నుంచి పంపించేశారు. ప్రతి పౌర్ణమి పోయ సెలవు, ఆ రోజు మద్యం, మాంసం అమ్మరు, బస్సుల్లో జనం. క్యాలెండరు చూసుకుని ఆ రోజు ఒకే ఊళ్లో ఉండిపోండి.

ఒంటరి మనిషి దగ్గరకు మోసగాళ్లు మర్యాదగానే వస్తారు. "ఈరోజు గుళ్లో ప్రత్యేక ఉత్సవం, రండి చూపిస్తా" అన్నవాడి దారి నగల షాపులో ఆగుతుంది. సిలోను నీలం, పుష్యరాగం పేరెత్తగానే మన జాతకాల మనసు జారుతుంది, ఇంట్లో శనిదశ ఎవరికో గుర్తొస్తుంది. పరీక్ష చేయించకుండా రాయి కొనొద్దు, అసలు కొనకపోతే మరీ మంచిది.

ఆడపిల్లలు ఒంటరిగా వెళ్లడానికి ఇది మంచి దేశమే గానీ, రద్దీ బస్సుల్లో తాకే చేతులు అక్కడా ఉన్నాయి. ఆడవాళ్ల పక్క సీటు వెతుక్కోండి, ఏదైనా జరిగితే గట్టిగా అరవండి, బస్సంతా మీవైపే ఉంటుంది. బీచి ఊళ్లలో చీకటిపడ్డాక ఒడ్డున ఒంటరిగా నడవొద్దు. గది బుక్ చేసేటప్పుడు ఒంటరి ఆడవాళ్లు రాసిన రివ్యూలే చదవండి. ఇంటికి రోజుకో వేళ పెట్టుకుని ఫోన్ చేయండి, ఆ వేళకు చేయకపోతే మన అమ్మలు ఎంబసీ దాకా వెళ్తారు. పోలీసులకు 119, టూరిస్టు పోలీసులకు 1912, అంబులెన్సుకు 1990. ఈ అంబులెన్సు మన 108 లాంటిదే, భారత ప్రభుత్వ సాయంతో 2016లో మొదలైంది, ఉచితం.

చివరి రోజు

కొలంబో ఫోర్ట్ స్టేషనులో దిగి, దగ్గర్లోని బస్టాండు నుంచి 187 నంబరు బస్సు ఎక్కండి. రద్దీ వేళ అయితే రెండు గంటలు చేతిలో ఉంచుకోండి. పెట్టా బజారులో తేయాకు, దాల్చినచెక్క కొనాలంటే ఆ ముందు సాయంత్రమే కొనేయండి. శ్రీలంక రూపాయలు మన రాజమండ్రిలో ఎవరూ మార్చరు, కాబట్టి మిగిలిన నోట్లు కటునాయకలోనే బ్యాంకు కౌంటరులో మార్చుకోండి. మొదటి రోజు మార్చిన రసీదు చూపించమని అడగొచ్చు, దాన్ని పాస్‌పోర్టులోనే దాచి ఉంచండి.